తీరాన క్యాబిన్ బుక్ చేసుకున్నారా? బయల్దేరే ముందు ఇది చదవండి

దసరా సెలవులు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా సూర్యలంక, ఓడరేవు, రామాపురం, మంగినపూడి, పేరుపాలెం, అంతర్వేది, భీమిలి పేర్లు హైదరాబాద్, విజయవాడ, గుంటూరు ఇళ్లలో తెగ వినిపిస్తాయి. ఫోనులో నాలుగు ఫొటోలు చూస్తాం. చెక్కతో కట్టిన చిన్న క్యాబిన్, ముందు వరండా, వరండా మెట్లు దిగితే ఇసుక, ఇసుక చివర కెరటం. వెంటనే డబ్బు కట్టేస్తాం. పిల్లల బట్టలు సర్దుతాం, బంధువులకు కూడా కబురు పెడతాం. ఆ ఫొటోలు చెప్పని సంగతి ఒకటుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మన తీరానికి తుపాను నెలలు. మనకు సెలవులు దొరికే రోజులూ బంగాళాఖాతం రేగే రోజులూ ఒకటే. అందుకే ఈ హెచ్చరిక ఇప్పుడు, ఆకాశం తేటగా ఉన్నప్పుడే చెయ్యాలి. వాయుగుండం పట్టాక చెబితే వినేవాళ్లు అప్పటికే దారిలో ఉంటారు.

తేదీలు ఒక్కసారి వరసగా చదవండి. దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన 1977 నవంబరు 19. కోనసీమ తుపాను 1996 నవంబరు 6. హెలెన్ మచిలీపట్నం దగ్గర తీరం దాటింది 2013 నవంబరులో. విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తిత్లీ 2018 అక్టోబరు 11. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ 2023 డిసెంబరు 5. నరసాపురం ప్రాంతంలో తీరం దాటిన మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి. వేసవి సెలవులకు వాయిదా వేసుకుంటే భయం లేదనుకోవద్దు. 1990లో కృష్ణా డెల్టాను దెబ్బతీసిన పెనుతుపాను మే నెలలోనే వచ్చింది. 2010లో లైలా బాపట్ల దగ్గర తీరాన్ని తాకిందీ మే నెలలోనే. అయినా ఎక్కువ ప్రమాదం అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. సరిగ్గా ఈ రోజుల్లోనే కార్తిక పౌర్ణమి వస్తుంది. సముద్ర స్నానాలకని లక్షలమంది తీరానికి కదులుతారు.

దివిసీమలో ఆనాడు పదివేలమందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులను పొట్టన పెట్టుకున్నది గాలి కాదు, నీళ్లు. తాటిచెట్టు మొవ్వును పట్టుకుని బతికినవాళ్ల కథలు కృష్ణా జిల్లాలో ఇప్పటికీ ఇంటింటా ఉన్నాయి. తుపాను కన్ను తీరం దాటే చోట, దానికి కుడిపక్కన, గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. దాన్నే మనవాళ్లు ఉప్పెన అన్నారు. మన కోస్తా నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది, ఒడ్డున సముద్రం కూడా లోతు తక్కువ. అందువల్ల ఎగదన్నిన నీటిని ఆపేది ఏదీ ఉండదు. 1977లో సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన నీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. ఈ రోజు మనం అద్దెకు తీసుకునే క్యాబిన్ ఆ నీటిదారిలో మొట్టమొదటి గది.

ఆ గది ఎలాంటిదో కూడా చూడాలి. వాటిలో ఎక్కువ భాగం ఇసుకలో పాతిన కర్రలు, ఇనుప గొట్టాల మీద నిలబెట్టినవి. గోడలు ప్లైవుడ్డో, వెదురు తడికో, పలుచటి ప్యానెలో. పైకప్పు తాటాకో, రేకో. ఒక బోల్టు ఊడితే రేకు కత్తిలా ఎగురుతుంది. చుట్టూ నీడకోసం సరుగుడు చెట్లు ఉంటాయి, అవి గాలికి విరిగి పడతాయి. హుద్‌హుద్ నాడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచినప్పుడు విశాఖ విమానాశ్రయం పైకప్పే నిలవలేదు. నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా, ఫోన్లు మూగబోయి గడిపింది. అంత నగరానికి పట్టిన గతి అది. ఇసుక మీది చెక్కగది సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

"వాతావరణం చూసే బుక్ చేశాం" అంటారు చాలామంది. పదిరోజుల ముందు బుక్ చేసినప్పుడు సముద్రంలో ఏమీ ఉండకపోవచ్చు, అది నిజమే. తిత్లీని గుర్తు చేసుకోండి. 2018 అక్టోబరు 8న వాయుగుండం. మూడు రోజుల్లో అతి తీవ్ర తుపానుగా బలపడి 11న తెల్లవారుజామున, జనం నిద్రలో ఉండగా పలాస దగ్గర తీరం దాటింది. అంటే మీరు సోమవారం సెలవు చీటీ రాసే నాటికి లేని తుపాను గురువారం తెల్లారేసరికి మీ తలుపు తట్టొచ్చు. ఒకసారి చూసి ఊరుకునే పని కాదిది. బయల్దేరడానికి మూడు రోజుల ముందు నుంచి పొద్దున, సాయంత్రం భారత వాతావరణ శాఖ బులెటిన్ చూడాలి. అల్పపీడనం అన్న మాట వినబడితే ప్రయాణం ప్రశ్నార్థకం. వాయుగుండం అంటే ప్రయాణం రద్దు. తుపాను అని పేరు పెట్టేదాకా ఆగకూడదు. "మన వైపు రాదులే, ఒడిశా వైపు పోతుందిట" అన్న మాట మీద పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లకూడదు. తుపాను ఒడిశాలో తీరం దాటినా మన ఒడ్డున కెరటాలు ఎగుస్తాయి.

కాబట్టి ఈ పత్రిక తరఫున తేల్చి చెబుతున్న మాట ఇది. అక్టోబరు మొదటి వారం నుంచి డిసెంబరు మధ్య దాకా కెరటానికి కూతవేటు దూరంలో టెంటులో గానీ, తేలిక క్యాబిన్‌లో గానీ రాత్రి పడుకోవద్దు. సముద్రం చూడాలనుందా, పగలు చూడండి. రాత్రి బస బాపట్లలో, చీరాలలో, మచిలీపట్నంలో, నరసాపురంలో, విశాఖలో పక్కా భవనంలో పెట్టుకోండి. సూర్యలంక నుంచి బాపట్ల పది కిలోమీటర్ల లోపే. తెల్లవారి సూర్యోదయం కావాలంటే అరగంట ముందు లేస్తే సరిపోతుంది. ఆ అరగంట నిద్ర కోసం ఇంటిల్లిపాదినీ ఇసుక మీద పడుకోబెట్టడం ఏ లెక్కన చూసినా సబబు కాదు.

ఇది అతి జాగ్రత్త అని కొందరికి అనిపించవచ్చు. బతుకుతెరువు కోసం తీరం మీదే ఉండక తప్పని మత్స్యకారులు ఎలా ఉంటున్నారో ఒకసారి చూడండి. వాళ్ల ఊళ్లలో తుపాను షెల్టర్లు ఉన్నాయి. ఎప్పుడు అందులోకి వెళ్లాలో, ముసలివాళ్లను ఎవరు మొయ్యాలో వాళ్లకు తెలుసు. పడవలను ఎప్పుడు పైకి లాగాలో గాలి తీరును బట్టే పసిగడతారు. వారాంతం కోసం వచ్చిన మనకు ఆ షెల్టరు ఏ వైపు ఉందో కూడా తెలియదు. సముద్రంతో పుట్టి పెరిగినవాళ్లే ఊరు ఖాళీ చేసే రోజున, ఏమీ తెలియనివాళ్లం ధైర్యంగా ఉండటంలో అర్థం లేదు.

మిగతా నెలల్లో క్యాబిన్ తీసుకునేవాళ్లూ ఫొటో చూసి కాక, ప్రశ్నలు అడిగి తీసుకోవాలి. ఫోను చేసినప్పుడు గది అద్దె కన్నా ముందు దారి గురించి అడగండి. క్యాబిన్ నుంచి తారు రోడ్డు ఎంత దూరం? మధ్యలో ఉప్పుటేరు గానీ, డ్రెయిన్ గానీ, కాజ్‌వే గానీ ఉన్నాయా? వాన పడితే కారు కదులుతుందా? మన తీరంలో చాలా బీచ్‌లకు వెళ్లే దారులు రొయ్యల చెరువుల గట్ల మధ్యగా సన్నగా పోతాయి. మామూలు రోజున అవి చూడముచ్చటగానే ఉంటాయి. రెండు గంటల కుండపోతకు డ్రెయిన్లు ఎగదన్నితే చెరువేదో రోడ్డేదో తెలియదు, చెరువుల మీద వేలాడే కరెంటు తీగలు వేరే ప్రమాదం. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట పోయే 216 జాతీయ రహదారి దాకా చేరితే చాలావరకు బయటపడినట్టే. అక్కడిదాకా చేరే దారి ఒక్కటేనా, రెండున్నాయా అన్నది ముందే తెలుసుకోవాలి. ఒక్కటే దారి ఉండి, అది పల్లంలో ఉంటే ఆ బస వదిలెయ్యండి. పగటి వెలుతురులో చేరి, సామాను దించకముందే ఆ దారిన ఒకసారి నడిచో నడిపో చూడండి. కారు ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా నిలపండి, ట్యాంకు సగానికి తక్కువ కాకుండా చూసుకోండి.

ఏటిమొగల దగ్గర, తిప్పల మీద బస అసలు వద్దు. హంసలదీవి, అంతర్వేది లాంటి చోట్ల నది సముద్రంలో కలిసేచోటు చూడటానికి కనుల పండువే. కానీ అక్కడి ఇసుక ఏటేటా జాగా మారుస్తుంది. నిన్న నడిచిన తిప్ప రేపు నీటి కింద ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మామూలు కంటే పైకి వస్తుంది. రాత్రి భోజనానికి ముందు కెరటం ఎక్కడుందో చూసి పడుకున్నవాళ్లు అర్ధరాత్రి అది వరండా దగ్గరికి వచ్చేసరికి కంగారు పడతారు. ఒడ్డు స్థిరంగా ఉంటుందనుకునేవాళ్లు కాకినాడ దగ్గరి ఉప్పాడ వెళ్లి రావాలి. సముద్రం అక్కడ ఏళ్ల తరబడి ఊరిని కొరుక్కుతింటోంది, తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కోసుకుపోతోంది.

తుపాను లేని రోజున, ఎర్రటి ఎండలో కూడా సముద్రం మనుషులను మింగుతుంది. మన తీరాన ఏటా ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంటున్నది ఇదే. వాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్లలు. 2022 జులై చివర్లో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఇంజనీరింగ్ విద్యార్థులు కెరటాలకు బలయ్యారు. 2024 జూన్‌లో రామాపురం, సూర్యలంక తీరాల్లో వరస మరణాలు జరిగాక బాపట్ల జిల్లాలో బీచ్‌లకు రాకపోకలు కొన్నాళ్లు ఆపెయ్యాల్సి వచ్చింది. ఆ వార్తలు చదివినప్పుడు "ఈత రాకుండా ఎందుకు దిగారో" అనుకుంటాం. ఈత వచ్చినవాళ్లు కూడా పోతున్నారు. ఎందుకు పోతున్నారో తెలుసుకుంటే తప్ప ఈ చావులు ఆగవు.

కెరటాలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి. నీటి అడుగున ఇసుక తిన్నెలుంటాయి. వాటి మధ్య ఎక్కడో గండి పడి ఉంటుంది. తిరిగిపోయే నీరు ఆ గండిలోకి చేరి ఏరులా సముద్రంలోకి ఉరుకుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటున్నారు. మోసం ఎక్కడుందంటే, గండి ఉన్నచోట కెరటం విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగ కనిపిస్తుంటే మధ్యలో ఆ ఒక్క చోట మాత్రం నీరు నిశ్శబ్దంగా, కాస్త నల్లగా ఉంటుంది. తల్లిదండ్రులు "ఇక్కడ కెరటాలు లేవు, పిల్లలు ఇక్కడే ఆడుకోనీ" అని ఎంచుకునేది సరిగ్గా ఆ జాగానే. మోకాలి లోతున నిలబడినవాణ్ని కూడా కాలి కింద ఇసుక జారి, ఆ ప్రవాహం నడుము లోతుకు, అక్కడి నుంచి తల మునిగే లోతుకు తీసుకుపోతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు దాని వేగాన్ని ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు.

చిక్కుకున్నవాళ్లు చేసే తప్పు ఒక్కటే, నేరుగా ఒడ్డు వైపు ఈదడం. ప్రవాహానికి ఎదురీది రెండు నిమిషాల్లో సొమ్మసిల్లుతారు. ఆ నీరు మనిషిని అడుగుకు లాగదు, దూరానికి తీసుకుపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ప్రాణం నిలబడవచ్చు. వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తి ఊపండి, కేకెయ్యండి. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ ఏరు వెడల్పు సాధారణంగా ఎక్కువ ఉండదు. దాన్ని దాటి కెరటాలు విరిగే చోటికి వస్తే ఆ కెరటాలే ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లు మరొక్క మాట గుండెల్లో రాసుకోవాలి. మునుగుతున్నవాణ్ని చూసి వెనక వెనకే దిగవద్దు. తమ్ముడి కోసం అన్న, అన్న కోసం స్నేహితుడు, ఇలా ఒకరి వెంట ఒకరు పోవడం వల్లనే ఒక్క మరణం నాలుగు మరణాలవుతోంది. ట్యూబు, ఖాళీ నీళ్ల క్యాను, తాడు, చీర, ఏది దొరికితే అది విసరండి. గజ ఈతగాళ్లను, పడవవాళ్లను పిలవండి. ప్రతి క్యాబిన్ గుంపులో కనీసం ఒకరు పొడిబట్టలతో ఒడ్డునే ఉండి లెక్క చూసుకుంటూ ఉండాలి. ఆ పనిలో ఉన్నవాళ్లు ఫోను చూసుకోకూడదు.

ఆకాశం నిర్మలంగా ఉంది కదా అన్న ధీమా కూడా చాలదు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన తుపాను లేపిన అలలు రోజుల తరబడి ప్రయాణించి, గాలి కూడా లేని మన ఒడ్డుకు ఒక్కసారిగా ఎగసి వస్తాయి. కేరళలో దీన్ని కల్లక్కడల్ అంటారు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లాలోని లెమూర్ బీచ్‌లో అయిదుగురు వైద్య విద్యార్థులు అలాంటి అలలకు కొట్టుకుపోయారు. అప్పటికే హెచ్చరిక జారీ అయి ఉంది. ఆ హెచ్చరికలు ఇచ్చేది ఎక్కడి నుంచో కాదు, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇంకాయిస్ నుంచి. తెలుగు నేల మీదే ఉన్న ఆ సంస్థ రోజూ ఏ తీరాన ఎంత ఎత్తు అలలు వస్తాయో చెబుతోంది. సునామీ హెచ్చరికలూ దానివే. క్యాబిన్‌లో ఏసీ ఉందా లేదా అని ఆరాతీసే మనం, ఆ రోజు అల ఎత్తు ఎంతో ఒక్క నిమిషం చూడలేమా?

సునామీ మాట వచ్చింది కనుక చెప్పాలి. 2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. మంగినపూడిలో సముద్ర స్నానానికి వచ్చినవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. సుమత్రా దగ్గర భూమి కంపించింది మన సమయం ప్రకారం ఉదయం ఆరున్నరకు. అలలు మన ఒడ్డుకు రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆనాడు చెప్పే వ్యవస్థ లేదు, ఇప్పుడుంది. అయినా భూమి గట్టిగా కంపిస్తే, లేదా సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గి అడుగు బయటపడితే, ఏ సైరన్ కోసమూ ఎదురు చూడకుండా లోపలికి పరుగెత్తాలి. గవ్వలు ఏరడానికి ముందుకు వెళ్లకూడదు.

ఇక క్యాబిన్ లోపలి సంగతి. బార్బిక్యూ ఇప్పుడు ప్రతి బసలోనూ ఉంటోంది. వాన మొదలవగానే ఆ బొగ్గుల కుంపటిని వరండాలోంచి గదిలోకి లాగుతారు, దోమలు కూడా పోతాయని తలుపులు బిగిస్తారు. ఇది చావును లోపలికి పిలవడమే. నిప్పులు పొగ లేకుండా ఎర్రగా ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాడికి తలనొప్పి కూడా తెలియదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ రిసార్టులో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిదిమంది, వాళ్లలో నలుగురు పిల్లలు, మూసిన గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకుని మళ్లీ లేవలేదు. కరెంటు పోయినప్పుడు కిటికీ పక్కనే నడిపే జనరేటరు కూడా ఇదే పని చేస్తుంది. అది గదికి దూరంగా, గాలి అవతలి వైపు పోయేలా ఉందో లేదో మీరే చూడండి.

మంట విషయంలో తాటాకు కప్పు, ప్లైవుడ్ గోడ ఎంత ప్రమాదమో వంటింట్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. 2025 డిసెంబరులో గోవాలోని అర్పోరాలో ఒక నైట్‌క్లబ్ కాలిపోయి 25 మంది చనిపోయారు. దారి ఇరుకు కావడం వల్ల అగ్నిమాపక వాహనాలు దగ్గరిదాకా వెళ్లలేకపోయాయి. మన బీచ్ క్యాబిన్లకు వెళ్లే ఇసుక బాటలో ఫైరింజను ఎంతదాకా రాగలదో ఊహించుకోండి. గదికి రెండో తలుపు గానీ, మనిషి పట్టే కిటికీ గానీ ఉందా, అది లోపల్నుంచి తెరుచుకుంటుందా, సిలిండరు ఎక్కడుంది, మంటలార్పే సిలిండరు మీద తేదీ ఎప్పటిది అన్నవి చూసుకుని తృప్తి కలిగాకే పిల్లలను లోపల పడుకోబెట్టండి. ఉప్పుగాలికి వైరింగు త్వరగా పాడవుతుంది. స్విచ్చి ముట్టుకుంటే చిమచిమ అన్నా ఆ గది వద్దనండి.

నేల మీద చాప వేసుకుని పడుకోవడం సరదాగా ఉంటుంది కానీ ఇసుక నేలల్లో, సరుగుడు తోటల్లో పాములుంటాయి. ముఖ్యంగా కట్లపాము రాత్రి తిరుగుతుంది. అది కరిచినా నొప్పి పెద్దగా తెలియదు, తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. మంచం మీద, దోమతెర పరుపు కిందికి దోపి పడుకోండి. కాటు అనుమానం వస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా 108లో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది. ఆ ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందో బయల్దేరే ముందే తెలిసి ఉండాలి. పిడుగుల వేళ టెంటులో, తాటిచెట్ల కింద, తెరిచిన పందిళ్ల కింద ఉండవద్దు. కారు దగ్గరుంటే అద్దాలెక్కించి అందులో కూర్చోండి. మద్యం గురించి ఒకే మాట: తాగినవాళ్లు నీళ్లలోకి దిగకూడదు, వాళ్ల చేతిలో పిల్లల బాధ్యత పెట్టకూడదు.

ఇంత చెప్పాక బసలు నడిపేవాళ్లతో కూడా మాట్లాడాలి. అయ్యా, మీ వ్యాపారం బాగుండాలి. తీరంలో పల్లెల యువతకు ఉపాధి దొరుకుతోంది, అది మంచిదే. కానీ తీర క్రమబద్ధీకరణ నిబంధనలు మీ మీద కక్షతో పెట్టినవి కావు. 2019 నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలపై ఆంక్ష ఉంది. ఆ మేర వదలడంలో మీ అతిథుల ప్రాణం కూడా ఉంది. లైఫ్‌జాకెట్లు, తాడు కట్టిన ట్యూబులు, ఒక గజ ఈతగాడు, చార్జి నిండిన రేడియో, ఇవి లేకుండా ఒక్క రాత్రికి కూడా గది ఇవ్వకండి. మత్స్యకారులు "ఇయ్యాల దిగమాకండి బాబూ, సముద్రం బాలేదు" అన్న రోజున ఆ మాటే మీ గోడ మీద రాసి పెట్టండి.

ప్రభుత్వాన్ని అడగవలసింది ఒకటి బలంగా ఉంది. తుపాను హెచ్చరిక రాగానే కలెక్టర్లు బీచ్‌లు మూసేస్తున్నారు, సంతోషం. కానీ అంతకు రెండు మూడు రోజుల ముందే జనం డబ్బు కట్టి ఉంటారు. "రద్దు చేస్తే పైసా రాదు" అన్న షరతు వాళ్లను ఆ వాతావరణంలో కూడా బయల్దేరదీస్తోంది. పదిమంది కుటుంబానికి అడ్వాన్సు పదివేలో ఇరవై వేలో పోతుందంటే మధ్యతరగతి మనిషి "ఏం కాదులే" అని తనకు తాను సర్దిచెప్పుకుంటాడు. ఆ జిల్లాకు నారింజ లేదా ఎరుపు హెచ్చరిక ఉన్న రోజులకు బుకింగు డబ్బు మొత్తం తిరిగివ్వాలన్న నిబంధనను తీరంలోని ప్రతి లైసెన్సులో చేర్చాలి. పర్యాటక శాఖ తలుచుకుంటే ఇది ఒక ఉత్తర్వుతో అయిపోతుంది. ఆ ఉత్తర్వు ఈ సీజన్‌కే రావాలి.

అది వచ్చేదాకా అడ్వాన్సు పోతే పోనివ్వండి. ఈ వారం, వచ్చే వారం తీరంలో గది తీసుకున్నవాళ్లు ఈ రాత్రే మూడు పనులు చెయ్యండి. వాతావరణ శాఖ తాజా బులెటిన్, ఇంకాయిస్ అలల సూచన చూడండి. బస యజమానికి ఫోను చేసి తుపాను షెల్టరు ఎక్కడుందో, రోడ్డుకు దారేదో అడగండి, తడబడితే రద్దు చెయ్యండి. మీ వెంట వచ్చే ప్రతి ఒక్కరి ఫోనులో, ఇంట్లో ఉండిపోయే పెద్దవాళ్ల దగ్గర కాగితం మీద ఈ నంబర్లు రాసి పెట్టండి: అత్యవసరానికి 112, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ కంట్రోలు రూము 1070, 18004250101, అంబులెన్సుకు 108, సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డు 1554.